పూసల తిత్తులు



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన వస్తువు మిక్కిలి చిన్నది, అఱచేతిలో నిముడునది. మన పల్లెలలో ముసలమ్మలు నడుమున దోపుకొనుచుండిన వక్కాకు తిత్తి మీకందఱకు తెలిసినదే. ఆకుల కొక అఱ, వక్కల కొక అఱ, సున్నపుకాయ కొక అఱ, లోలోపల చిల్లర కాసుల కొక అఱ. మూతి బిగించుటకు బొందు. ఆ బొందు కొనలకు కుచ్చులు. పూర్వపు తెలుగులో దీనినే అడపమనిరి. రాజుల కొలువులలో అడపము పట్టుటకు ప్రత్యేకముగ మనుష్యులుండెడివారు. ఇట్టి తిత్తులలో కొన్నింటికి గుడ్డపై పూసలును గవ్వలును కుట్టబడియుండును. మఱికొన్నింటికి గుడ్డతో పనిలేదు, పూసల యల్లికయే గుడ్డవలె నుండును.

ఇప్పుడు వక్కాకు నములువారు తగ్గిరి. తిత్తులు పెట్టెల యడుగునకు చేరినవి. ఊరూర తిరుగు బేరగాండ్రు కొందఱు వానిని స్టీలు గిన్నెలకు మార్చుకొని పోవుచున్నారు. పట్టణములలో నవియే పురాతన వస్తువులను పేర అంగళ్ళ కెక్కుచున్నవి. ఇక మిగిలినవానిని మనమే బాగుచేయబోయి చెఱుపుచున్నాము. కావున నేను చెప్పదలచిన మాట యొక్కటియే. పూసల తిత్తికి ప్రాణము పూసలో లేదు, దారములో నున్నది. దీని నెఱుగక చేయు మేలు కూడ కీడే యగును. ఈ సంగతిని నేను గ్రంథములో చదివి నేర్చుకొనలేదు. చేతులార నొక తిత్తిని పాడుచేసి నేర్చుకొంటిని.

మా అవ్వ, అనగా మా తండ్రిగారి తల్లి, తన చిన్ననాట కదిరి తిరునాళ్ళలో పూసలవారియొద్ద పూసలు కొని తానే యొక తిత్తి నల్లుకొన్నది. ఎఱ్ఱని నేలమీద ఎదురెదురుగ రెండు నీలపు చిలుకలు. చుట్టును తెల్లని గళ్ళు. ఆమె పోయిన పిదప నది మా పెట్టెలో చిరకాల ముండినది. సుమారు 30 సంవత్సరముల క్రిందట నొక పండుగకు ఇల్లు దులుపుచుండగా నది నా చేత బడినది. దుమ్ము పట్టి చిలుకలు మాసియుండుట చూచి, శుభ్రము చేయవలెనని నాకు బుద్ధి పుట్టినది. కుంకుడు రసములో నానవైచి, మెల్లగ పిండి, దండెముమీద నెండకు వ్రేలాడదీసితిని. కొంతసేపటికి బండమీద నొక పూస రాలిన చప్పుడైనది. దానిని తీసికొనుటకు వంగునంతలో రెండు, పది, నూఱు! నేను తిత్తిని పట్టుకొనుటకు చేయి చాచునప్పటికే యొక చిలుక మొత్తము నేలపాలైనది.

రాలిన పూసల నూడ్చి చేటలో పోసికొని దిగులుగ కూర్చుండియుండగా, చింతపం డమ్ముటకు వచ్చిన సుగాలి అవ్వ యొకర్తె అది చూచినది. చేటలోని పూసలవైపు తిరిగియైన చూడలేదు. తిత్తి యంచున వ్రేలాడు దారపు తునుకను రెండు వ్రేళ్ళ నడుమ నలిపినది. అది పొడియై పోయినది. అప్పు డామె యిట్లనినది: “పూసలకేమైంది అయ్యవారూ? అవి అట్లనే ఉండాయి. సచ్చిపోయింది దారము. ఎండిన దారానికి నీళ్ళు తాపి, మళ్ళా దాని మిందనే ఇంత బరువు ఏలాడదీస్తివే!”

నాకు నోట మాట రాలేదు. జీవితమంతయు పిల్లలకు సూత్రములు వల్లె వేయించినవాడను. సూత్రమనగా దారమనియు నర్థము కలదని వారికి చెప్పినవాడనే. అక్షరములకైన, మణులకైన, కట్టి నిలుపునది సూత్రమే యని పాఠము చెప్పినవాడు తన యింటి దారమును మాత్రము చూడలేదు.

ఆమె యెట్లు బాగుచేసినదో ముందు చెప్పెదను. అంతకు మున్ను ఈ పూస లెక్కడివో, అల్లిక లెన్ని విధములో తెలిసికొనవలయును. దేని దారము దేనివలన తెగునో తెలియనిదే మరమ్మతు తెలియదు.

గాజుపూస మన దేశమునకు క్రొత్త కాదు. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో 1945వ సంవత్సరమున మార్టిమర్ వీలర్ త్రవ్వకములు జరిపించెను. సుమారు రెండువేల యేండ్ల నాడు రోము సామ్రాజ్యముతో వర్తకము నడపిన రేవు అది. చిన్నచిన్న గాజుపూసలు అచట విస్తారముగ దొరకినవి. ఇట్టి పూసలు తూర్పున ఆగ్నేయాసియా దేశములందును, పడమట ఆఫ్రికా తీరమునందును గూడ కానవచ్చుటచే, పీటర్ ఫ్రాన్సిస్ అను అమెరికా పరిశోధకుడు వీనికి ఇండో-పసిఫిక్ పూసలని పేరిడెను. ఆ ప్రాచీనపు పని తీరు మన తెలుగునాటనే, రేణిగుంట సమీపముననున్న పాపానాయుడుపేటలో, మన కాలము వఱకు నిలిచియుండుట ఆయన గుర్తించి వ్రాసెను.

ఆ పని యిట్టిది. కొలిమిలో కరగిన గాజును పొడవైన ఇనుపగొట్టము కొనకు ముద్దగ జేర్చి, దానిని కోసుగ దిద్ది, నడుమ బెజ్జము నిలుచునట్లు చేయుదురు. మఱియొకడు ఆ ముద్ద కొనను పట్టి సాగదీయును. బెజ్జము మూయకయే గాజు సన్నని గొట్టమై సాగుచు వచ్చును. చల్లారిన గొట్టములను కత్తి యంచున తునుకలు చేయుదురు. తునుకల యంచులు పదునుగ నుండును గనుక, బెజ్జములు పూడకుండునట్లు బూడిదలో కలిపి మరల వేడిచేసి కలియబెట్టుదురు. అప్పు డంచులు కరగి నునుపగును. ఈ కడపటి పనిలో లోపమున్నచో పూస యంచు కత్తివలె నుండి, తన్ను మోయు దారమును తానే కోయుచుండును. పాత తిత్తులు తెగుటకు ఇది మొదటి కారణము.

పందొమ్మిదవ శతాబ్దమున ఇటలీలోని వెనీసునుండియు, బొహీమియా దేశపు యాబ్లొనెత్సు ప్రాంతమునుండియు సమమైన చిన్న పూసలు ఓడలపై మన రేవులకు విరివిగ వచ్చినవి. గుజరాతీ వర్తకులు ఆఫ్రికా తూర్పుతీరమున, జాంజిబారు మొదలగు రేవులలో, వెనీసు పూసల వ్యాపారము చేయుచు సౌరాష్ట్రమునకు గూడ వానిని తెచ్చిరి. అచ్చటి స్త్రీలు వానితో తోరణములు, చాకళములు, సంచులు అల్లిరి. ఆ పనికి మోతీ భరత్ అని పేరు. మన పూసలవారు బుట్టలలో పెట్టుకొని యిల్లిల్లు తిరిగి యమ్మిన పూసలలోను సముద్రము దాటివచ్చినవి కలవు. మా అవ్వ తిత్తిలోని యెఱుపు బొహీమియాదై యుండవచ్చును. చిలుకలు మాత్రము నల్లమాడవి.

ఇక అల్లికలు. ముఖ్యముగ మూడు విధములు.

మొదటిది వల యల్లిక. ఇందు గుడ్డ యుండదు. సూదితో మూడేసి పూసలు గ్రుచ్చి, వెనుకటి వరుసలోని పూసగుండ దారమును మరల్చి, చేపలవలవలె అల్లుకొని పోవుదురు. సౌరాష్ట్రపు తోరణము లిట్టివే. మన యిండ్ల పూసల తోరణములును, మా అవ్వ తిత్తియు నిట్టివే. ఇందు ప్రతి పూసగుండను దారము రెండుమూడు మాఱులు పోవును. కావున నొకచోట తెగినంతనే యంతయు రాలదు. కాని ఆ దారమే ముదిరి చివికినచో నింక దిక్కులేదు.

రెండవది గుడ్డమీది కుట్టు. ఇది సుగాలీల సొత్తు. లంబాడీలని, బంజారాలని పిలువబడువారును వీరే. రైళ్ళు రాకమునుపు వీరు ఎద్దుల మందలపై ఉప్పు, ధాన్యము మోసి దక్కను దేశమంతట నడిచిరి. దండుల వెంట పోయి వానికి తిండిగింజలు అందించిరి. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున రైళ్ళు ప్రబలగా ఆ వర్తకము కూలినది, తండాలు నిలిచినవి. వారి స్త్రీల ఫేట్యా, కాంచళి, తలగుడ్డ మొదలగు వస్త్రములందు, సంచులందు అద్దపు బిళ్ళలు, గవ్వలు, పూసలు, నాణెములు కుట్టబడియుండును. గవ్వలు మాల్దీవుల సముద్రమునుండి వచ్చినవి. బంగాళము, ఒడిస్సా దేశములందు పందొమ్మిదవ శతాబ్దపు ప్రారంభము వఱకు అవియే చిల్లర నాణెములుగ చెల్లినవి. చెల్లని కాసులను వారు సంచిమీద కుట్టి చెల్లించుకొనిరి! ఈ కుట్టులో బరువు గుడ్డమీద పడును. గుడ్డ చినిగినచో దారము గట్టిదైనను ప్రయోజనము లేదు.

మూడవది ఊలు సూదుల యల్లిక. ఇది యూరోపు ఖండపుది. పొడవైన పట్టుదారమునకు ముందుగనే వేలకొలది పూసలు గ్రుచ్చుకొని, అల్లుచు నొక్కొక్క కుట్టున నొక్కొక్క పూసను జాఱవిడుతురు. బొమ్మలోని కడపటి పూసను మొదట గ్రుచ్చవలయును. ఒక్క రంగు తప్పెనా, అక్కడనుండి బొమ్మ యంతయు ప్రక్కకు జరుగును. జర్మనీ దేశమున ష్వేబిష్ గ్ముండ్ అను నూర ఇది గృహపరిశ్రమగ సాగినది. అంతకు ముందే, పద్దెనిమిదవ శతాబ్దమున, పారిసు నగరమున ఇసుక రేణువులవంటి పూసలతో సంచులు చేసిరి. వానిలో చదరపు అంగుళమునకు వేయికి మించి పూస లుండెడివి.

మన తిత్తులు అంత సూక్ష్మములు కావు. ఐనను లెక్కించి చూడుడు. సుమారు 2 మిల్లీమీటర్ల పూస యైనచో అంగుళమునకు 12 పట్టును. చదరపు అంగుళమునకు 144. తిత్తి 6 అంగుళముల వెడల్పు, 5 అంగుళముల యెత్తు ననుకొన్నచో, రెండు ముఖములకును కలిపి 60 చదరపు అంగుళములు, అనగా 8,640 పూసలు. పగలెల్ల చేని పని చేసి, దీపము ముందు కూర్చుండి, ఒక్కొక్కటిగ సూదికొనకు ఎత్తిన 8,640 పూసలు! దీనిని స్టీలు గిన్నెకు మార్చుకొనుట యెట్టి బేరమో మీరే యూహింపుడు.

ఇట్టి వస్తువులకు వచ్చు రోగములు కొన్ని కలవు. వానిని వరుసగ చెప్పెదను.

దారము చివుకుట మొదటి రోగము. ఎండ, చెమట, దుమ్ము దీనికి హేతువులు. ఇనుపకాటుతో నల్లరంగు వేసిన దారము తక్కిన రంగుల దారములకంటె ముందుగ చివుకును. దుమ్మనగా సన్నని యిసుకయే. తిత్తిని కదల్చినప్పుడెల్ల అది దారమును ఆకురాయివలె రాచుచుండును.

రెండవది గాజు చెమర్చుట. గాజనునది యిసుక, క్షారము, సున్నము కలిసి కరగినది. క్షార మెక్కువై సున్నము తక్కువైనచో, గాలిలోని తేమకు ఆ క్షారము పైకి ఊఱును. పూస జిగటగ నుండి, సబ్బువలె జాఱును. పిదప సన్నని బీటలు వాఱి పగులును. పాశ్చాత్యులు దీనిని గాజు యేడ్చుట యందురు. చెమర్చిన క్షారము దారమునకును హాని చేయును. మన అనంతపురపు మెట్టసీమలో సాలుకు పడు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పైరుకు శాపమైన యీ పొడిగాలి గాజుకు వరము. సముద్రతీరమున చెమర్చిపోవు పూసలు మనయొద్ద చిరకాలము నిలుచును. ఐతే అదే పొడిగాలికి దారము పెళుసెక్కును. ఆ పెళుసు దారమును నీట ముంచి బరువు వ్రేలాడదీసినవాని కథ మీరిప్పుడే వింటిరి.

మూడవది మన చేతులార తెచ్చు రోగము. ఇత్తడి చెంబునకు వలె గవ్వకు చింతపండు, నిమ్మకాయ తోముట. గవ్వ సున్నపుజాతి వస్తువు. పులుపు తగిలినంతనే దాని నిగ్గు కరగిపోవును. అది మరల రాదు. క్రొత్త చెక్కపెట్టెలో నుండి వచ్చు పులుపు ఆవిరి కూడ దానికి పడదు. అద్దపు బిళ్ళకు నీరు తగిలినచో వెనుకటి పూత లేచిపోవును. ఉక్కు పూసలు త్రుప్పు పట్టును. లోపల రంగు పూసిన పూసల రంగు నీటికి విడిపోవచ్చును. కావున సందేహమున్నచోట నీరు కూడదు. ఒక విడిపూసను తడి తెల్లగుడ్డలో ఒత్తి చూచినచో దాని రంగు నిలుకడ తెలియును.

ఇప్పుడు సుగాలి అవ్వ మరమ్మతు. ఆమె నాలుగు మధ్యాహ్నములు మా యరుగుమీద కూర్చుండి చేసిన పనిని నేను ప్రక్కనుండి చూచి వ్రాసికొంటిని. తరువాత చదివి తెలిసికొనిన పద్ధతులతో పోల్చి చూడగా ఆమె చేసినది సరిగనే యున్నది.

మొదట ఆమె తిత్తిని ముతక కంబళిమీద పఱచినది. నున్నని పళ్ళెములో పూస దొర్లిపోవును, కంబళిమీద నిలుచును. తరువాత మిగిలిన చిలుకను చూచి, ఏ వరుసలో నెన్ని పూసలో నన్ను లెక్కపెట్టి వ్రాయుమనినది. నేను పిల్లల గళ్ళ కాగితము తెచ్చి, గడి కొక పూసగ బొమ్మ నెత్తి వ్రాసితిని. విప్పుటకు ముందు వ్రాసికొనుట యన్నది ఈ పనిలో మొదటి ధర్మము. ఛాయాపటము తీయగలవారు తీసికొనవచ్చును.

పిమ్మట తెగిన యంచు చుట్టును గట్టిగనున్న భాగము వఱకు మెల్లగ పరీక్షించినది. తెగిన కొనను మాత్రమే చూచి అక్కడనే ముడివేసినచో, ప్రక్కనున్న చివికిన దారము మఱునాడు తెగును. పాత దారమును కత్తిరించి పాఱవేయలేదు. అది యున్నచోటనే యుండగా, క్రొత్త నూలుదారమును తేనెమైనముతో రుద్ది, తెగని పూసలగుండ నాలుగైదు వరుసలు లోపలినుండి నడిపించుకొని వచ్చి, అక్కడనుండి క్రొత్త యల్లిక మొదలుపెట్టినది. మైనము దారమునకు కవచము. పూసయంచు కోతను కొంత తట్టుకొనును. దారము పూసకంటె మిక్కిలి గట్టిదైనను దోషమే. అప్పుడు తెగవలసివచ్చినప్పుడు దారము తెగదు, పాతపూస పగులును. తెగిన దారమును మార్చవచ్చును. పగిలిన పూసను మార్చలేము. బంక యెన్నడును కూడదు. బంక ముదిరి పసుపెక్కి, పూసను దారమును నొకటిగ చేసి, తరువాతి వారు విప్పుటకు వీలులేకుండ చేయును.

గుడ్డమీది కుట్టుకైనచో, చినిగిన గుడ్డ క్రింద పాతనూలు గుడ్డముక్కను ఒత్తుగ వేసి, బరువు నంతయు దానికి తగిలించి కుట్టవలయునని యామె తన సంచి చూపి చెప్పినది.

చిలుక పూర్తియగునప్పటికి నీలపు పూసలు కొన్ని తక్కువైనవి. బండ సందులలో పోయినవి పోయినవే. ఆమె తన మూటనుండి వేఱు నీలములు తీసినది. అవి కొంచెము ముదురు. నేను, “అవ్వా, ఇవి తెలిసిపోవుచున్నవి గదా, లోపలివైపునుండి పాతవి తీసి ఇక్కడ వేసి, క్రొత్తవి కనపడనిచోట పెట్టరాదా?” యంటిని. ఆమె తల యెత్తకయే, “యాడ కుట్టినానో తెలియకపోతే, మళ్ళా తెగినప్పుడు కుట్టేదానికి ఎట్ల తెలుస్తుంది? ఈ ముసలిదాని చెయ్యి ఈడ పడిందని ఉండనీ” అనినది.

పెద్ద వస్తుశాలలలో పాతవస్తువుల నుద్ధరించువారు పాటించు నియమము లివియే: చేసిన మరమ్మతు దూరమునుండి కంటికి గ్రుచ్చుకొనరాదు, దగ్గఱనుండి చూచువానికి దాగరాదు, చేసిన దానిని మరల విప్పుటకు వీలుండవలయును, ఏమి చేసితిమో వ్రాసి యుంచవలయును. మొదటి మూడును చదువురాని యామె కెవరు నేర్పిరి? ఆమె దారమే నేర్పినది. నాలుగవది చదువు వచ్చిన మన పని. ఆ తిత్తి లోపల నేనొక గుడ్డ పట్టీ కుట్టించి, అవ్వ పేరు, అల్లిన యూరు, తెగిన సంవత్సరము, తెగుటకు నా తెలివితక్కువతనమే కారణమనియు వ్రాసితిని.

మీ యిండ్లలో నిట్టివి యున్నచో భద్రపఱచు విధము సులభము. ఉతికి గంజి లేని పాత పంచె ముక్కపై పడుకొనబెట్టుడు, మేకునకు తగిలింపవలదు. మడత పడకుండ లోపల మెత్తని గుడ్డ యుంచుడు. ప్లాస్టికు సంచిలో మూయవలదు. లోని తేమ లోననే యుండును. వార్తాపత్రికలో చుట్టవలదు. ఎండిన వేపాకును వేఱు గుడ్డలో మూటగట్టి పెట్టెలో నొక మూల నుంచుడు; తిత్తికి తాకనీయకుడు. దుమ్మును మెత్తని కుంచెతో పైపైన తుడిచిన చాలును. ఏటి కొకమాఱు తీసి నీడలో గాలి తగులనిచ్చి, కంబళిమీద రాలిన పూస యేదైన నున్నచో చిన్న సీసాలో వేసి తిత్తితోనే యుంచుడు.

కొని సేకరింపదలచువారికి నొకటి రెండు గుఱుతులు. గాజు చెక్కిలికి చల్లగ తగులును, బరువుగ నుండును. ప్లాస్టికు పూస వెచ్చగ, తేలికగ నుండును. చేతిపని పూసలు కొంచెము హెచ్చుతగ్గులుగ నుండును. బెజ్జములు నొకే తీరున నుండవు. నిజముగ వాడిన తిత్తి, చేయి తగులుచోటనే అరుగును: మూతి యంచున, బొందు లాగుచోట, నడుము నొఱసికొనువైపున. అంతటను సమముగ మాసినది టీనీళ్ళలో ముంచినదేమో యని సందేహింపవలయును. పాత సుగాలి వస్త్రములను ముక్కలుగ కోసి, చేతిసంచులుగ కుట్టి, పురాతనమని యమ్ముటయు కలదు. అందు ప్రతి ముక్కయు పాతదే. సంచి మాత్రము పాతది కాదు. అట్టిదానిని కొనుట యొక సంచిని రక్షించుట కాదు, ఇంకొక పావడను కోయుమని చెప్పుటయే.

సేకరణ మెట్లు మొదలగునో, ఎట్లు ముగియునో చెప్పుట కొక యుదాహరణము. హాలండు దేశమున హెన్‌డ్రిక్యె ఇవో అను స్త్రీ, 1820 నాటి తాబేటిచిప్ప చేతిసంచి నొకదానిని చూచి ముచ్చటపడి కొని, అక్కడనుండి సంచులు సేకరించుచు పోగా, 1996లో నది యొక వస్తుశాల యైనది. తరువాత ఆంస్టర్‌డాము నగరమునకు చేరి, అయిదువేలకు మించిన సంచులతో ప్రసిద్ధి కెక్కినది. 2020లో మహమ్మారి కాలమున ఆ శాల మూతపడినది. ధనమును, భవనమును కల వస్తుశాలకే యీ గతి కలిగినప్పుడు, ఊరి తిత్తులను కాచువారు మొదట ఊరివారే కావలయునని నాకు తోచును. వస్తువును పట్టణమునకు పంపినను, ఎవరు అల్లిరో, ఎందుకు అల్లిరో యను మాటను దానితో పంపనిచో, చేరినది పూసల కుప్పయే.

వస్తువును దాచుట సగము పని. అల్లువారిని నిలుపుట తక్కిన సగము. మన పొరుగున బళ్ళారి సీమలోని సండూరున ఇది జరుగుచున్నది. సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. అచ్చటి సండూరు కుశల కళా కేంద్రమునకు చెందిన 450 మందికి పైబడిన లంబాణీ స్త్రీలు తయారుచేసిన 1,755 వస్తువులను 2023 జూలైలో హంపిలో జి-20 సమావేశముల సందర్భమున ప్రదర్శింపగా, లంబాణీ వస్తువుల ప్రదర్శనలలో నదియే పెద్దదని గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఆ కుట్టు మన తండాల స్త్రీలకును తాతముత్తాతల నాటిదే. మనకు లేనిది నేర్పు కాదు. అడిగి కూలి యిచ్చి కుట్టించుకొనువారు లేరు.

మా తిత్తి బాగైన పిదప ఆ అవ్వ మఱి రెండు మూడేండ్లు చింతపండు తెచ్చినది. వచ్చినప్పుడెల్ల తిత్తిని తెప్పించుకొని, చిలుకను వ్రేలితో తడవి చూచి యిచ్చివేసెడిది. ఒకనాడు నేను, “అవ్వా, నీ పెండ్లినాటి సంచి యేది?” అని యడిగితిని. కఱవు సంవత్సరమున నొక బేరగానికి గిన్నె కిచ్చితినని చెప్పినది. “గిన్నె సొట్టపోయింది అయ్యవారూ” అని నవ్వినది. ఆ నవ్వు నాకు నేటికిని మఱపు రాదు. తన సంచిని నిలుపుకొనలేనిది మా అవ్వ తిత్తిని నిలిపినది.

తరువాత నామె రాలేదు. ఆమె చేసిన యల్లికను గళ్ళ కాగితముతో సహా నేను బడిలో కొందఱు పిల్లలకు చూపితిని. వారిలో నిద్దఱు తండా పిల్లలు, అది తమ యిండ్లలో నున్నదేనని చెప్పి, మఱునాడు తమ తల్లులను వెంటబెట్టుకొని వచ్చిరి. ఆ తల్లులు అరుగుమీద కూర్చుండి నాకు తెలియని రెండు కుట్లు చూపిరి. పాఠము చెప్పబోయి పాఠము విని వచ్చితిని.

పెద్దలారా, ఈ రాత్రియో రేపో మీ పెట్టె తెఱచినప్పుడు అడుగున పూసల తిత్తి యేదైన కనబడినచో, దానిని కడుగవలదు, అమ్మవలదు. మొదట ఇంటిలోని ముసలమ్మను పిలిచి, ఇది యెవ రల్లిరి, పూస లెక్కడివి, ఈ బొమ్మ యేమిటి యని యడుగుడు. ఆమె చెప్పినది యొక గుడ్డ పట్టీపై వ్రాసి లోపల నుంచుడు. తెగియున్నచో తండాలోని పెద్దమ్మను పిలిచి, పీట వేసి, తగిన కూలి యిచ్చి కుట్టింపుడు. ప్రక్కన నొక పిల్లను కూర్చుండబెట్టుడు. పూసలు మఱి నూఱేండ్లైనను అట్లే యుండును. దారమును మాత్రము తరమునకొకమాఱు ఎవరో యొకరు ఎక్కింపవలయును.